సన్యాసమ్మ గోడ

మా ప్రయోగశాలలో కొన్నాళ్లపాటు అందరికీ ఒక వింత డ్యూటీ ఉండేది. వెనక ఆవరణలో కట్టిన ఒంటిగది ఇంట్లోకి వెళ్లి, కుర్చీలో కూర్చుని, ఊరికే గాలి పీల్చి వదలడం. దానికి ఊపిరి డ్యూటీ అని పేరు. అకౌంట్స్ కూర్మారావు గారు ఈ డ్యూటీ ఎంత శ్రద్ధగా చేసేవారంటే, ఆయన గురక క్యాంటీన్ దాకా వినిపించేది. మా డైరెక్టరు భానోజీరావు గారు మాత్రం పేపరు పట్టుకుని వెళ్లి, అందులోని వార్తల మీద మండిపడుతూ చదివేవారు. "కోపం గోడకి మంచిదే సుభాషిణీ, గాలి ఎక్కువ వస్తుంది" అనేవారు నాతో.

ఆ గది గోడలు మనిషి ఊపిరి తాగి బతికేవి. సిమెంటు లేదు, ఇటుకల బట్టీ లేదు. ఇసుక, బూడిద కలిపి అచ్చుపోసిన ఇటుకల్లో ఒక జాతి సూక్ష్మజీవుల్ని పెంచాం. మనం వదిలే గాలిని, ఒంటి వెచ్చదనాన్ని, వంట ఆవిరిని తీసుకుని అవి లోపల్లోపల తెల్లటి సున్నపురాయి కట్టుకుంటాయి. ఎక్కడైనా పగులు వస్తే వాటంతట అవే పూడ్చుకుంటాయి. వాటి తేమకి రోహిణీ కార్తెలో కూడా గది కొత్త కుండలో నీళ్లలా చల్లగా ఉంటుంది. అప్పుడప్పుడూ బియ్యం కడిగిన నీళ్లతో తుడిస్తే చాలు, ఇంకే పోషణా అక్కర్లేదు.

ఒక్కటే చిక్కు. మనుషులు లేకపోతే గోడ మగతలోకి జారుకుంటుంది. మరీ ఎక్కువ కాలం ఒంటరిగా వదిలేస్తే చచ్చి ఇసుకైపోతుంది. పండగలకి ఊరెళ్లేవాళ్లు, పెళ్లిళ్లకి వెళ్లేవాళ్లు, పురుడు పోయడానికి వెళ్లేవాళ్లు, అందరినీ లెక్కలోకి తీసుకున్నాం. పది ఇళ్లు కొని తాళాలు వేసి పెట్టుకునే పెద్దమనుషులకి ఇది పనికిరాదని సంబరపడ్డాం కూడా. ఇంట్లో పంచాంగం ఉన్న తెలుగువాళ్లం, ఇంతమందిమి బల్ల చుట్టూ కూర్చుని కూడా ఒక్క సంగతి మాత్రం మర్చిపోయాం. అది మాకు సన్యాసమ్మ పోయాక గుర్తుకొచ్చింది.

విశాఖపట్నంలో కొండవాలు పేటలు చాలా ఉన్నాయి. అలాంటి ఒకదాన్ని, చిలకమెట్టని, మా ఊపిరి ఇటుకలతో కట్టడానికి మునిసిపాలిటీ వాళ్లు ఇచ్చారు. పైనుంచి కిందికి మెట్లలా దిగే ఒక వరస ఇళ్లు. ఒకదాని గోడ ఇంకొకదానికి ఆసరా. అన్నిటికన్నా కింద ఉన్నది నూకరత్నం ఇల్లు. వరస మొత్తం బరువు ఆ ఇంటి దిగువ గోడ మీద పడుతుంది.

రత్నం వాళ్లది టిఫిన్ బండి. భర్త చిన్నారావు ఆటో తోలతాడు. రత్నం తల్లి సన్యాసమ్మ. పక్షవాతం వచ్చి మంచాన పడ్డాక కూతురి దగ్గరే ఉండేది. ఆవిడ మంచం సరిగ్గా ఆ దిగువ గోడకి ఆనించి ఉండేది. నేను గోడ పరీక్షకని ఎప్పుడు వెళ్లినా ఆవిడ కళ్లతోనే నవ్వి, మాట కూడదీసుకుని, "గోడ సూడ్డానికొచ్చినావా, నన్ను సూడ్డానికొచ్చినావా పాపా?" అనేది. "ఇద్దర్నీ" అనేదాన్ని. నిజం చెప్పాలంటే మా ఇటుకల మొదటి స్నేహితురాలు ఆవిడే. ఇంట్లో అందరూ పనుల మీద పోతే, రోజంతా ఆ గోడకి ఊపిరి పోసింది ఆవిడొక్కతే.

వైశాఖమాసంలో రత్నం దగ్గర్నుంచి ఫోన్ వచ్చింది. నేను వెళ్లేసరికి ఇంటికి తాళం వేసి ఉంది. గడప ముందు ముళ్లకంప అడ్డంగా పెట్టి ఉంది. పక్కన మునిసిపాలిటీ వాళ్ల నీళ్లట్యాంకు కింద ఒక టార్పాలిన్ కట్టుకుని, సామాను సర్దుకుని ఉన్నారు వాళ్లు.

"మాయమ్మ ధనిష్ఠ నచ్చత్రంలో పోనాది మేడంగోరూ" అంది రత్నం, ఏడ్చి ఏడ్చి బొంగురుపోయిన గొంతుతో. "ఆర్నెల్లు ఇల్లు పాడెట్టాలన్నారు పంతులుగోరు. తాళం ఏసీసినాం. మరి గోడ సంగతేటో నాకు తెల్దు. అందుకే మీకు ఫోన్ సేసినాను."

వానాకాలం ముందుంది. ఆరు నెలలు మనిషి వాసన తగలకపోతే ఆ గోడ నిలవదు. అది జారితే పైన ఉన్న ఇళ్లన్నీ దానితోపాటే దిగుతాయి.

"వేరేవాళ్లని ఉంచుదాం రత్నం. మా ఆఫీసు వాళ్లమే వంతులేసుకుని వచ్చి కూర్చుంటాం. ఊపిరి డ్యూటీ మాకు అలవాటే."

రత్నం తల అడ్డంగా ఊపింది. "మాయమ్మ మంచాన ఉన్నన్నాళ్లూ ఈ పేటోళ్లే కదండీ సూసినారు. నాను బండి కాడికెల్తే అప్పలకొండ పిన్ని అన్నం తినిపించీది. పై ఇంటోళ్లు పక్క మార్సీవోరు. మీరొచ్చినా ఆపిలుపళ్లట్టుకొచ్చీవోరు. కీడున్న ఇంటిలోకి మిమ్మల్నెలగ తోలీదండీ? ఎవలికేటైనా అయితే నాను బతికుండగలనా?"

ఇవన్నీ నమ్మకండి అనడం తేలికే. కానీ మా తాతగారు పోయినప్పుడు మేమూ ఇల్లు వదిలి అద్దె ఇంట్లో ఉన్నాం. మా నాన్న ఫిజిక్సు లెక్చరరు. ఎందుకు నాన్నా అని అడిగితే, "ఎందుకొచ్చిన గొడవమ్మా" అన్నారు. ఆ జవాబులో ఉన్నది భయం కూడా కాదు, ఇంట్లో వాళ్ల మీద ప్రేమ. రత్నంలోనూ అదే ఉంది. దాన్ని కసిరి, బెదిరించి తాళం తీయించడం నాకు చేతకాలేదు.

పంతులుగారికి నేనే ఫోన్ చేశాను. పెద్దాయన మర్యాదగానే మాట్లాడారు. "పెద్ద ఇళ్లలో అయితే పోయినవాళ్ల గది ఒక్కటీ మూసి, మిగతా ఇల్లు వాడుకోమంటామమ్మా. వాళ్లది రెండు గదులు. గోడలన్నీ కలిసే ఉన్నాయి. ఏది మూసి ఏది తెరవమంటారు?" అన్నారు.

యంత్రాలు పెట్టి చూశాం. రత్నం ఒప్పుకుంటే కిటికీ చువ్వల్లోంచి గొట్టం దూర్చి, సిలిండరు గాలిని తేమతో కలిపి వదిలాం. వెచ్చబెట్టి వదిలాం. గోడ అలిగినదానిలా ముడుచుకుపోయింది తప్ప ఒక్క గుక్క తాగలేదు. మనిషి ఊపిరిలో గాలి, నీరు, వేడి కాక ఇంకా ఏవేవో ఉంటాయి. చెమట, తిన్న తిండి, నోటిలోని చిన్న చిన్న ప్రాణులు. ఇన్నేళ్లు మా ఇటుకలు వాటికి అలవాటు పడ్డాయి. సీసాలో నింపిన గాలి వాటికి పరాయిదైంది.

మృగశిర వచ్చింది. కిటికీలోంచి చేయి చాపి గోడని గోటితో గీరితే ఇసుక రాలింది.

ఆ రోజు భానోజీరావు గారు నన్ను గదిలోకి పిలిచి తలుపు వేశారు. ఆయన కోపంగా లేరు, అందుకే నాకు భయం వేసింది.

"వానలు ముదరకముందే ఆ కింది ఇల్లు తీసేసి, రాతి అడ్డుగోడ కట్టించాలమ్మా. పైన పసిపిల్లలున్నారు. వేరే దారి నాకు కనిపించడం లేదు."

"రత్నం వాళ్ల సంగతేంటి సార్?"

"ఊరి చివర ఎక్కడో ఫ్లాటు ఇప్పిస్తారట. అడిగాను." ఆయన కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. "టిఫిన్ బండి అక్కడ నడవదని నాకూ తెలుసు. నువ్వే వెళ్లి చెప్పు. నేను చెప్పలేను."

మెట్లెక్కి చిలకమెట్ట చేరేసరికి మధ్యాహ్నం అయింది. రత్నం ఆ దిగువ గోడ బయట, కొండ దారి పక్కన, వీపు గోడకి ఆనించి కూర్చుని ఉల్లిపాయలు ఒలుస్తోంది. రేపటి చట్నీకి. పక్కనే అప్పలకొండ కుట్టుమిషన్ ముందు వేసుకుని జాకెట్టు కుడుతోంది. అప్పలకొండకి పేటలో అందరి మీదా నోరు ఎక్కువే, చెయ్యీ ఎక్కువే.

ఎలా చెప్పాలో తెలియక ఒక్క గుక్కలో చెప్పేశాను. అప్పలకొండ మిషన్ ఆపేసింది. రత్నం చేతిలోని ఉల్లిపాయని గిన్నెలో పెట్టింది. తర్వాత చాలా నెమ్మదిగా అంది:

"పైనోళ్ల కోసమైతే కూల్చీయండి మేడంగోరూ. ఆల్ల సేతి అన్నం తినే మాయమ్మ అన్నాళ్లు బతికింది. ఇల్లేటి, ఇంకోటి ఒత్తాది."

"వోలమ్మ, నోర్ముయ్యే!" అని అరిచింది అప్పలకొండ. "నీ ఇల్లు కూల్చీసి మా ఇంటిలో మేం నిద్దరోగలమా? ఏటి మాటలే ఇవి?" అని కొంగుతో మొహం గట్టిగా తుడుచుకుంది.

రత్నం ఉల్లిపాయల గిన్నె తీసుకుని లేచింది. తను ఆనుకుని కూర్చున్న చోట గోడ మీద నా చూపు పడింది. బయటివైపు వాన తగలకుండా మేం వేసిన సున్నపు పూత అక్కడ ఒరిసి ఒరిసి పోయింది. లోపలి ఇటుక కనిపిస్తోంది. మనిషి వీపంత మేర నల్లగా, తడిగా ఉంది.

నేను చెయ్యి పెట్టి చూశాను. చల్లగా ఉంది. గోటితో గీరాను. ఒక్క రేణువు రాలలేదు.

"రత్నం, రోజూ ఇక్కడే కూర్చుంటున్నావా?"

"రోజూనండి. లోపలికెల్లకూడదు కదా. అవతల మాయమ్మ మంచం ఉండీది సరిగ్గా ఇక్కడే. ఈపు ఆనిత్తే ఆమె పక్కన కూకున్నట్టుంటాది నాకు."

నాకు నవ్వొచ్చింది, ఏడుపొచ్చింది. రెండూ ఒకేసారి వస్తే మొహం ఎలా ఉంటుందో గాని, అప్పలకొండ భయపడి నాకు మంచినీళ్లిచ్చింది. గోడకి రెండు మొహాలుంటాయన్నది ఎంత చిన్న సంగతి! లోపలివైపు మొహం గురించి అన్నేళ్లు తలలు బద్దలుకొట్టుకున్నాం. బయటి మొహానికి మాత్రం మా చేతులతోనే పూత పూసి నోరు మూసేశాం.

అక్కడినుంచే భానోజీరావు గారికి ఫోన్ చేశాను. ఆయన వెంటనే, "బయట గాలికి ఊపిరి నిలవదు కదమ్మా" అన్నారు. తర్వాత ఆయనే, "మా ఊళ్లో తాటాకిళ్లకి చూరు నడుముదాకా దించేవాళ్లు. వంగి లోపలికి వెళ్లేవాళ్లం" అన్నారు. ఆ మాట మీదే, "వస్తున్నాను" అన్నారు.

పంతులుగారికి మళ్లీ ఫోన్ చేయాల్సి వచ్చింది. గడప దాటనంతవరకూ దోషం లేదని, బయట చూరు కింద కూర్చుంటే తప్పేమీ లేదని ఆయన తేల్చారు. ఫోన్ పెట్టేముందు, "ఆ గోడ నిలబడితే నాకూ చెప్పండమ్మా" అన్నారు. ఆ మాట నాకు చాలా నచ్చింది.

పేట మొత్తం దిగింది. కొడవళ్లతో, పాత గరిటెలతో బయటి పూత గీకేశారు. చిన్నారావు ఎక్కడినుంచో ఆటో నిండా తాటాకులు తెచ్చాడు. వెదురు గెడలు పాతి చూరు బాగా కిందికి దించి కట్టారు. పొడుగ్గా, గుహలాంటి పంచ ఒకటి తయారైంది. దాని మీద టార్పాలిన్ కప్పారు.

ఇక ఆ పంచ ఖాళీగా ఉన్నది నేను చూడలేదు. పొద్దున్నే రత్నం అక్కడే ఇడ్లీ పొయ్యి పెట్టేది. ఆ ఆవిరంతా గోడకే. తర్వాత అప్పలకొండ మిషన్. మధ్యాహ్నం ఆడవాళ్లు బియ్యం ఏరుకోవడాలు, తలలు దువ్వుకోవడాలు, ఒకళ్ల మీద ఒకళ్లు చాడీలు. సాయంత్రం చదువుకునే పిల్లలు ఎక్కాలు అరిచేవాళ్లు. ఆదివారాలు భానోజీరావు గారు పేపరు తెచ్చుకుని, గోడకి చేరబడి, తిట్టాల్సినవాళ్లని తిట్టి, రత్నం పెట్టిన ఉప్మా తిని వెళ్లేవారు. కూర్మారావు గారు సెలవు రోజున వచ్చి మరీ గురక పెట్టారు. ఎవరూ రమ్మనలేదు వాళ్లని. రత్నం అందరికీ టీ పోస్తూ, "మీ రుణం ఎలగ తీర్సుకోవాలో" అనేది. "ముందు టీలో పంచదార తగ్గించు" అనేది అప్పలకొండ.

తల్లి పోయాక రత్నం నవ్వడం అక్కడే మొదటిసారి చూశాను. ఆ రోజు నేను గోడ పరీక్ష చేయడం మర్చిపోయాను.

గోడ నెమ్మదిగా కోలుకుంది. బయటినుంచి లోపలికి తడి పాకింది. కానీ ఇంకా పూర్తిగా గట్టిపడకముందే, ఆశ్వయుజంలో తుఫాను హెచ్చరిక వచ్చింది. పూత లేని గోడ నేరుగా వాన దెబ్బ తింటే కొట్టుకుపోతుంది. పైఇళ్ల వాళ్లందరినీ స్కూలు బిల్డింగుకి పంపించాం. అప్పలకొండని పంపలేకపోయాం.

మధ్యాహ్నానికే గాలి ఊపందుకుంది. తాటాకులు లేచిపోయాయి. టార్పాలిన్ ఒక చివర తెగి కొట్టుకుంటోంది. చిన్నారావు పరిగెత్తి దాన్ని పట్టుకున్నాడు. వెనకే రత్నం, అప్పలకొండ, నేను. స్కూలుకి వెళ్లిన మగవాళ్లు సగంమంది తిరిగొచ్చేశారు. టార్పాలిన్ని గోడ మీద అదిమిపట్టి, దాని మీద మా ఒళ్లే బరువుగా పెట్టి నిలబడ్డాం. ఎవరో నా పక్కకి తోసుకొచ్చి వీపు ఆనించారు. చూస్తే భానోజీరావు గారు. కళ్లజోడు లేదు.

"సార్, మీరెందుకొచ్చారు!"

"డ్యూటీ" అన్నారు ఆయన, నోట్లోకి పోయిన వాన ఉమ్మేస్తూ.

వెదురు గెడ ఒకటి విరిగి చిన్నారావు భుజం మీద పడింది. ఎముక విరిగిన చప్పుడు నాకు వినిపించింది. అయినా అతను ఆ చేత్తో పట్టు వదిలి, రెండో చేత్తో పట్టుకున్నాడు. గాలి తగ్గేదాకా అక్కడినుంచి కదల్లేదు. ఆ తర్వాత అతని భుజం ఎప్పటికీ పూర్తిగా పైకి లేవలేదు. ఆటో అమ్మేశాడు. ఇప్పుడు రత్నంతోపాటు బండి దగ్గర ఉంటున్నాడు. మా ఇటుకకి ఎంత ఖర్చయిందని ఎవరైనా అడిగితే నాకు ముందు ఆ భుజం గుర్తొస్తుంది. ఒకసారి క్షమించమని అడగబోతే, "నా గోడని నాను పట్టుకున్నాను, మీరు మా గోడని పట్టుకున్నారు. ఎవల్నెవలు సెమించాలండీ?" అన్నాడు.

గోడ నిలిచింది.

కార్తీకంలో పంతులుగారు స్వయంగా వచ్చి శాంతి చేయించి తాళం తీయించారు. రత్నం కుడికాలు లోపల పెట్టి, అక్కడే ఆగిపోయింది. ఆరు నెలలు మూసి ఉంచిన ఇల్లు. ముక్కవాసన లేదు, బూజు లేదు. చల్లగా ఉంది. కాస్త ముందే ఎవరో అక్కడ పడుకుని లేచి వెళ్లినట్టుంది.

సన్యాసమ్మ మంచం ఉండే చోట, ఆవిడ తల ఆనే ఎత్తులో, గోడ మీద తెల్లగా ఒక పొర ఉంది. రాయి. ఆవిడ ఉన్నప్పుడే అది ఉండేది గానీ మేం పట్టించుకోలేదు.

"అదేటండీ తెల్లగా?" అంది రత్నం.

"మీ అమ్మ ఊపిరి" అన్నాను. అంతకంటే శాస్త్రీయంగా చెప్పడం నాకు రాలేదు. "ఆవిడ వదిలిన గాలే ఇలా రాయి అయింది. ఇక్కడ పడుకున్నన్నాళ్లూ."

రత్నం దాని మీద చెయ్యి పెట్టింది. తర్వాత చెంప పెట్టింది. గుమ్మంలో నిలబడ్డ అప్పలకొండ నోరు మొదటిసారి మూతపడింది.

పరీక్ష కోసం గోడలోంచి వేలి లావు ముక్క తీయాలి. అన్ని గోడల్లోంచీ తీస్తాం. ఎక్కడ తీయాలో నాకు తెలుసు గానీ, అడగడానికి నోరు రాలేదు. డ్రిల్లు చేతిలో పట్టుకుని నిలబడ్డాను. రత్నమే అడిగింది.

"ఈ ముక్క ఎట్టికెల్లి ఏటి సేత్తారండీ?"

"రెండు మొహాల గోడ ఎలా బతుకుతుందో చూస్తాం. అది తెలిస్తే ఇకనుంచి కట్టే ప్రతి ఇంటికీ బయట పంచ పెడతాం. నలుగురూ కూర్చునే చోటు. ఇంట్లో వాళ్లు వెళ్లాల్సి వచ్చినా గోడ చావదు."

"అలగైతే ఇక్కడే తియ్యండి" అని తెల్లపొర మీద వేలు పెట్టింది. "మాయమ్మ పదిమందికి పనికొత్తాదంటే ఇంకేటి కావాల."

ఇటునుంచి అటు దాకా డ్రిల్లు దింపాం. ముక్క బయటికి వచ్చింది. వెలుతురులో పెట్టి చూశాను. మామూలుగా మా ఇటుక లోపల మధ్యలో బూడిదరంగు ఉంటుంది. ఊపిరి అంత లోపలికి చేరదు. ఈ ముక్కలో ఒక చివర సన్యాసమ్మ తెలుపు మందంగా ఉంది. రెండో చివర రత్నం రోజూ వీపు ఆనించిన చోటు, అదీ తెల్లగా ఉంది. రెండూ లోపలికి పెరిగి పెరిగి మధ్యలో కలిసిపోయాయి. ఎక్కడ తల్లి ఆగిందో, ఎక్కడ కూతురు మొదలైందో నాకు కనిపించలేదు. భూతద్దంతో చూసిన భానోజీరావు గారికీ కనిపించలేదు. ఆయన ఆ ముక్కని రత్నం అరచేతిలో పెట్టి, బయటికి వెళ్లిపోయారు.

రత్నం దాన్ని చాలాసేపు చూసుకుంది. కళ్లకద్దుకుని నాకు తిరిగి ఇచ్చింది.

"జాగర్తండీ" అంది.

గోడలో వేలి లావు కన్నం మిగిలింది. దానిలోంచి అవతలి వెలుతురు, తుఫాను తర్వాత మళ్లీ కట్టిన పంచలో కూర్చున్న వాళ్ల కాళ్లు కనిపిస్తున్నాయి. పూడ్చడానికి మా సంచిలో ఇసుక, బూడిద కలిపిన మసాలా ఉంది. నేను తీయబోతుంటే రత్నం వద్దంది. ముందుకు వంగి, ఆ కన్నం దగ్గర నోరు పెట్టి, మెల్లగా ఊపిరి ఊదింది. అప్పటికే పంచలోకి వెళ్లిన అప్పలకొండ అవతలినుంచి, "మొహమ్మీద ఊదుతున్నావేటే!" అని అరిచి, తనూ అటునుంచి ఊదింది. తర్వాత చిన్నారావు వచ్చాడు. పైఇంటి వాళ్లు వచ్చారు. పంతులుగారు కండువా సర్దుకుని వంగారు.

నా వంతు వచ్చినప్పుడు నేనూ మోకాళ్ల మీద కూర్చున్నాను. గోడ చల్లదనం పెదాలకి తగిలింది. గోడ చూడ్డానికొచ్చావా, నన్ను చూడ్డానికొచ్చావా అని ఆవిడ అడిగేది కదా. ఇద్దర్నీ, అనుకుని గుండెనిండా గాలి పీల్చి ఊదాను.